మేనమామ చుట్టం కాడట

అక్క వెర్నాకు,

తమ్ముడు ఎమ్మెట్ దండాలు. ఇక్కడ నేనూ, లిడియా చిన్నమ్మా, నీ కొడుకు సైలస్ క్షేమం. అక్కడ టకోమాలో నువ్వు కూడా క్షేమంగా ఉన్నావని తలుస్తాను. ఉత్తరం ఇలాగే మొదలుపెట్టాలని అమ్మ నేర్పింది కనుక ఈ ముక్క రాశాను. క్షేమం అంటే ఎవరికీ జ్వరం లేదు, పైకప్పు కారడం లేదు, పొగగదిలో చేప ఉంది. అంతకు మించి అడగకు.

ఫోన్ చేయమన్నావు. చేయను. ఫోన్లో నువ్వు ఏడుస్తావు, నేను అరుస్తాను, చివరికి ఎవరు ఏం చెప్పారో ఇద్దరికీ గుర్తుండదు. ఉత్తరంలో అయితే నా అరుపు నీకు వినబడదు, నీ ఏడుపు నాకు కనబడదు. ఇద్దరికీ మర్యాదగా ఉంటుంది.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. సైలస్ తింటున్నాడా అని అడిగావు. తింటున్నాడు. వచ్చిన కొత్తలో చిన్నమ్మ పెట్టిన సముద్రపు నల్ల పాచి చూసి ముఖం చిట్లించాడు. ఇప్పుడు సీల్ నూనెలో ముంచుకుని గిన్నె నాకుతున్నాడు. చిన్నమ్మ వాణ్ణి చూసి, "పట్నం వదిలింది వీడికి" అని ఊరంతా చాటింది. రేవులో వలలు బాగుచేసే పని కొన్నాళ్ళు దొరికింది. నువ్వు పంపిన కోటు భుజాల దగ్గర బిగుతైంది. నాది ఇచ్చాను.

అమ్మ పేరిట విందు ఎప్పుడని అడిగావు. నవంబరు రెండో శనివారం. హాలు కుదిరింది. మన జాతిలో అవతలి సగం, గద్ద పక్షం వాళ్ళందరికీ కబురు వెళ్ళింది. అమ్మ పోయినప్పుడు పెట్టె చేసిందీ, గొయ్యి తవ్విందీ, రాత్రంతా కూర్చున్నదీ వాళ్ళే కదా. కాకి పక్షం వాళ్ళం మనం వాళ్ళకు పెట్టుకోవాలి, ఇచ్చుకోవాలి, కన్నీళ్ళు తుడుచుకోవాలి. నువ్వు వారం ముందే రావాలి. చిన్నమ్మ ఒక్కతే చేసుకోలేదు, నేను చేస్తే ఆమె ఒప్పుకోదు.

ఇక మూడో ప్రశ్న. నీ ఉత్తరంలో అక్షరాలు కాగితానికి అటువైపు అచ్చు పడేంత గట్టిగా రాశావు: "నీకు నోరుందిగా. వారం వారం పేపర్లో గవర్నరును కూడా తిడతావుగా. రేవులో ఆ పోలీసు ముందు నీ నోరు ఏమైంది?"

చెబుతాను. మొదటి నుంచీ చెబుతాను, ఎందుకంటే నీకు ముక్కలు ముక్కలుగా తెలుసు.

విందుకు కొండమేక కావాలి. మాంసం అతిథులకు, తోలు మీది ఊలు చిన్నమ్మ మగ్గానికి. అమ్మ మొదలుపెట్టి వదిలేసిన దుప్పటి చిన్నమ్మ పూర్తి చేయాలి. ఆ మేకను సైలస్ కొట్టాలి. అమ్మమ్మ విందుకు మనవడు తెచ్చిన మేక, దాని వెనకే వాడికి మన తాత పేరు పెట్టడం. ఇదంతా నువ్వూ నేనూ చిన్నమ్మా అనుకున్నదే. సైలస్ టకోమా మనిషి కనుక బయటి రాష్ట్రం లైసెన్సు తీసుకోవాలి. తీసుకున్నాడు. డార్లీన్ కొట్లో నేనూ ఉన్నాను. డార్లీన్ కాగితం మీద వేలు పెట్టి చూపించింది.

"బయటివాళ్ళు కొండమేకకు ఒంటరిగా వెళ్ళకూడదు. గైడ్ అయినా ఉండాలి, చుట్టమైనా ఉండాలి. ఎవరు?"

"చుట్టమే," అన్నాడు సైలస్.

"ఎమ్మెట్టేగా? చుట్టమేగా?" అంది డార్లీన్.

"నాకంటే దగ్గర చుట్టం వీడికి పుట్టలేదు," అన్నాను నేను.

ముగ్గురికీ సబబుగానే ఉంది. డార్లీన్ ముద్ర వేసింది. అక్కడ జరిగింది తప్పు, అక్కా. కానీ ఈ ఊళ్ళో ఎవరైనా అదే తప్పు చేస్తారు. చుట్టం అనే మాటకు అర్థం వెతకడానికి మనం ఎప్పుడైనా పుస్తకం తెరిచామా?

కొండ మీద సంగతి వాడే నీకు చెప్పుకోవాలి, నేను చెప్పను. ఒక్క మాట మాత్రం. పేల్చే ముందు వాడు నా వైపు చూశాడు. వాడే గొంతు తగ్గించి మేకతో చెప్పాడు, అమ్మమ్మ కోసం వచ్చామని, ఏదీ వృథా చేయబోమని. టకోమాలో పెరిగిన పిల్లాడు. మన మాటలు సగం తప్పు పలికాడు. మేకకు అర్థమయ్యే ఉంటుంది. ఒక్క దెబ్బకు కూలింది.

రేవుకు దిగేసరికి గ్రేడీ ఉన్నాడు. వేట పోలీసు. ఒహాయో నుంచి వచ్చి ఏడాది దాటి రెండు నెలలైంది. మనిషి చెడ్డవాడు కాడు, అదే నా కడుపుమంట. చెడ్డవాడైతే నాలుగు తిట్టి నిద్రపోయేవాణ్ణి.

"మంచి పోతు. ఎవరిది?" అన్నాడు.

"నాదండీ," అన్నాడు సైలస్.

"బయటి లైసెన్సు. గైడ్ ఎవరు?"

"గైడ్ లేడు, చుట్టం ఉన్నాడు." వీడు నా భుజం మీద చెయ్యేశాడు.

"మీ నాన్నా?"

"కాదు, మేనమామ."

గ్రేడీ ముఖం వాడిపోయింది. రాస్తున్న కలం ఆపి, చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు. "ఇంకోసారి అడుగుతాను, నెమ్మదిగా ఆలోచించి చెప్పు. ఈయన నీకు నాన్న కాడూ? పోనీ, సవతి నాన్న?"

"సవతి నాన్న కావాలంటే ఈయన మా అమ్మను చేసుకోవాలండీ. ఆమె ఈయన సొంతక్క!"

రేవంతా గొల్లుమంది. పక్క పడవలోని ముసలి వాల్టర్ అయితే తాడు వదిలేసి కడుపు పట్టుకున్నాడు. నేనూ నవ్వాను. నా నోరు ఏమైందని అడిగావుగా అక్కా, అదీ సంగతి. నా నోరు నవ్వుతూ ఉంది. గ్రేడీ చెయ్యి చాచి మమ్మల్ని ఒడ్డుకు లాగుతున్నాడని తెలియలేదు. గ్రేడీ మాత్రం నవ్వలేదు. మేకనూ, తోలునూ, వాడు పేల్చిన మన తాత తుపాకీనీ తన బండిలో వేయించుకున్నాడు.

ఆ తర్వాత ఆ చట్టం చదివాను. బయటివాడి వెంట వెళ్ళే చుట్టం రెండో మెట్టు లోపల ఉండాలట. తల్లి, తండ్రి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, భార్య, తాత, మనవడు. సరే. అత్తగారు, మామగారు, బావమరిది, వదిన, అల్లుడు, సవతి చెల్లెలు. సరే, సరే. మేనమామ మూడో మెట్టట! పనికిరాడు. పెద్దమ్మ కొడుకు నాలుగో మెట్టు, అడగనే అక్కర్లేదు. మెట్లు ఎవరు కట్టారు? తండ్రి ఇంటి వాకిట్లో నిలబడి లెక్కపెట్టేవాళ్ళు కట్టారు. తల్లి ఇంటి నుంచి లెక్కపెట్టే జాతి ఒకటి ఇదే నేల మీద ఉందని, ఆ జాతిలో పిల్లాడికి కత్తి పట్టడం నేర్పేదీ, చన్నీళ్ళలో ముంచి లేపేదీ, తప్పు చేస్తే తిట్టేదీ మేనమామేనని, నాన్న అవతలి పక్షం మనిషని, వాళ్ళను అడిగితే మనం చెప్పేవాళ్ళం కదా.

ఈ నియమానికి కారణం ఏం చెబుతారో తెలుసా? కొండమేక బతికేది కొండ అంచున. కొత్తవాడు కాలు జారి చస్తాడు, కనుక కొండ తెలిసినవాడు తోడుండాలి. మంచి కారణం, నేను కాదనను. కానీ రాజధాని జూనోలో ఇన్సూరెన్సు అమ్ముకునే బావమరిది ఉంటే చాలు, వాడు జన్మలో మేడమెట్లు తప్ప ఏదీ ఎక్కకపోయినా సరే. బావమరిది పక్కనుంటే కాలు జారదు కాబోలు. పదిహేనేళ్ళ వయసు నుంచి ఆ కొండనే తొక్కుతున్న మేనమామ పక్కనుంటే జారుతుంది! ఇది భద్రత కాదు. గైడ్లకు గిరాకీ. దొడ్డిదారిన కొంచెం చుట్టరికం వదిలారు, ఆ దారి కూడా తమ ఇళ్ళ కొలతకే కోశారు.

నన్ను తప్పుగా అర్థం చేసుకోకు. నేను బయటివాళ్ళ వకాల్తా పుచ్చుకోలేదు. ఇక్కడివాడికి ముందు, బయటివాడికి తర్వాత, ఈ మాట నా అంతగా రాసినవాడు ఈ తీరంలో లేడు. మేక తల నరికి గోడకు తగిలించుకోవడానికి విమానంలో దిగేవాడికీ, చలికాలం కూడు కోసం కొండెక్కేవాడికీ తేడా ఉండాలి. ఉండితీరాలి. కానీ బయటివాడు ఎవరు? అది అడిగితే అందరూ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూస్తారు. చేపల ఫ్యాక్టరీ మూసేసినప్పుడు నువ్వు పిల్లాణ్ణి చంకనేసుకుని ఓడెక్కావు. ఇష్టపడి వెళ్ళావా? ఇక్కడ కూడు లేకుండా చేసినవాళ్ళే, కూటికోసం వెళ్ళినవాణ్ణి బయటివాడు అంటున్నారు. గ్రేడీకి పన్నెండు నెలలు నిండాయి, కనుక స్థానికుడు. రేపు ఒక్కడే కొండెక్కి మేకను కొట్టుకోవచ్చు, తోడు ఎవరూ అక్కర్లేదు. ఆ కొండకు మన ముత్తవ్వ పేరుంది. సైలస్ బయటివాడు.

కోర్టు ఇచ్చిన వకీలమ్మతో ఇదంతా వాదించాను. చిన్నపిల్ల, ఓపిగ్గా విన్నది. "ఒక రాష్ట్రం ఇంకో రాష్ట్రపు మనిషిని చిన్నచూపు చూడకూడదని రాజ్యాంగంలో లేదా?" అని అడిగాను.

"ఉంది. అయితే అది బతుకుతెరువుకు వర్తిస్తుంది. వేటకు వర్తించదు. మోంటానా రాష్ట్రపు దుప్పుల కేసులో దేశపు పెద్ద కోర్టు ఎప్పుడో తేల్చింది. బయటివాడికి పెద్ద జంతువుల వేట వినోదం అంది."

"మా అమ్మ విందు వినోదమా?"

"మీ దగ్గర కాదు. కోర్టు దగ్గర అదే."

"మరి కోర్టును మా దగ్గరకి రమ్మనండి."

ఆ పిల్ల నవ్వలేదు. "మీరు పెద్ద యుద్ధం చేయాలనుకుంటున్నారు. చేయొచ్చు, కొన్నేళ్ళు పడుతుంది. మీ మేనల్లుడికి కావలసింది ఈ నెలలో తుపాకీ, తోలు, మాంసం. రెండింటిలో ఏది?" అంది. నాకు జవాబు దొరకకపోవడం నువ్వు చూసుంటే బాగుండేది, చిన్నప్పటి నుంచీ ఆ రోజు కోసమేగా ఎదురుచూస్తున్నావు.

ఆ వారమే రాండీ వచ్చాడు. అవును, నీ రాండీ. బయటి వేటగాళ్ళను పడవలో తిప్పే ఉద్యోగమే ఇంకా. గుమ్మంలో టోపీ తీసి నిలబడ్డాడు.

"ఏం బావా, దారి తప్పావా?" అన్నాను.

"తిట్టేదేదో తొందరగా తిట్టు ఎమ్మెట్, పడవకు టైమవుతోంది. కుర్రాడి సంగతి విన్నాను. ఆ రోజు నేనూ మీతో కొండ మీద ఉన్నానని చెబుతా. తండ్రిని. ఇక్కడివాణ్ణి. చట్టానికి అంతేగా కావాలి?"

"వాడు పుట్టినప్పుడు ఆసుపత్రికే రాలేదు నువ్వు."

"అందుకే ఈసారి వస్తానంటున్నా."

ఈ మాట నీకు రాయకూడదనుకున్నాను. కానీ ఆ మనిషి అన్న మాటల్లో నేను మర్చిపోలేనిది ఇదొక్కటే.

నీకు పోయిన ఉత్తరంలో ఏం రాశాను? రాండీ సాక్ష్యం ఇస్తానన్నాడని, న్యాయమూర్తి నమ్మలేదని రాశాను. నువ్వు న్యాయమూర్తిని తిట్టావు. పాపం ఆమె తప్పేమీ లేదు. అక్కా, అది అబద్ధం. ఆమె నమ్మడానికి సిద్ధంగానే ఉంది. సర్కారు వకీలుకు కూడా ఈ కేసు వదిలితే చాలునన్నట్టే ఉంది. రాండీ ఒక కాగితం మీద సంతకం పెట్టాడు, రాండీ మాతో కొండ మీద ఉన్నాడని. దాని కింద ఇంకో సంతకం కావాలి, చూసినవాడిది. అది నేను పెట్టాను.

మళ్ళీ చదవకు, సరిగ్గానే చదివావు. నేను పెట్టాను. సైలస్ పుట్టిన దగ్గర నుంచీ నేను నిలబడ్డ చోట రాండీని నిలబెట్టి, నన్ను నేను కేవలం చూసినవాణ్ణి చేసుకుని, నా చేత్తో నా పేరు రాశాను. మగ్గం గుర్తొచ్చింది, తాత తుపాకీ గుర్తొచ్చింది, సంతకం పెట్టాను. అన్నేళ్ళు పేపర్లో నేను తిట్టినవాళ్ళంతా ఇలాగే పెట్టి ఉంటారు, వాళ్ళకూ ఏదో గుర్తొచ్చే ఉంటుంది.

కోర్టులో అంతా సవ్యంగా నడుస్తోంది. న్యాయమూర్తి కాగితం చూసి, మామూలుగా, ఏదో అడగాలి కనుక అడిగింది. "సైలస్, ఆ రోజు మీ నాన్నగారు మీతో ఉన్నారన్నమాట."

వీడు లేచాడు. నా కోటు వేసుకుని ఉన్నాడు.

"లేరండీ."

వకీలమ్మ వీడి చొక్కా లాగింది. వీడు కదలలేదు.

"మా నాన్న మంచికోసమే చెప్పాడండీ, ఆయన్నేమీ అనకండి. కానీ కొండ మీద మా మేనమామ ఉన్నాడు. ఇంకెవరూ లేరు."

"మేనమామ ఈ చట్టం కింద చుట్టం కాడని నీకు తెలుసా?"

"ఇప్పుడు తెలుసండీ. కానీ నవంబరులో మా అమ్మమ్మ విందు. తెచ్చిన ప్రతి వస్తువూ ఎవరు తెచ్చారో, ఎవరి వెంట వెళ్ళి తెచ్చారో అక్కడ లేచి అందరి ముందూ చెప్పాలి. ఇక్కడ నాన్న అని చెప్పి అక్కడ మామ అని చెబితే ఎలాగండీ? చనిపోయినవాళ్ళు కూడా వింటారు."

న్యాయమూర్తి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. తర్వాత ఆమె చేయవలసింది ఆమె చేసింది. మూడేళ్ళు వేట బంద్. తుపాకీ సర్కారుది. మేక సర్కారుది. మా కాగితాన్ని సర్కారు వకీలు మిగతా వాటి కిందకి తోసేశాడు. నా మీద కేసు పెట్టేంత విలువైన అబద్ధం కూడా కాదది. వెనక్కి తిరిగి చూసేసరికి రాండీ లేడు.

బయట మెట్ల మీద సైలస్‌ను నేనే అడిగాను. "ముందే ఒప్పుకోనని చెప్పొచ్చుగదరా?"

"ఎప్పుడు చెప్పను మామా? నువ్వూ, నాన్నా, ఆ వకీలమ్మా మాట్లాడుకుంటూనే ఉన్నారు. నాకు సందిస్తేగా?"

నిజమే. సందివ్వలేదు.

ఇక మేక ఏమైందని అడుగుతావు. సర్కారు పట్టుకున్న మాంసం పారేయదు, దానం చేస్తుంది. ఎక్కడికి చేసింది? మన ఊరి ముసలివాళ్ళ భోజనశాలకే. చిన్నమ్మ ప్రతి బుధవారం తినే చోటికే! పులుసు వడ్డిస్తూ వంటామె చెప్పిందట, "ఈ వారం కొండమేక, ప్రభుత్వం పంపింది" అని. చిన్నమ్మ ఎముక పైకెత్తి కీలు దగ్గర తిప్పి చూసి, "ప్రభుత్వానికి మా ఎమ్మెట్ కోత ఎవరు నేర్పారే?" అందట. బల్ల చుట్టూ గద్ద పక్షం ముసలమ్మలు. ఒక్కరూ వదల్లేదు, రెండోసారి వడ్డించుకున్నారు. మనవడి మేక తినవలసినవాళ్ళే తిన్నారు. పెట్టినవాడి పేరు మాత్రం మారింది.

తోలు వేలానికి వెళ్ళింది. సర్కారు ఏటా వేలం వేస్తుంది, తోళ్ళు, కొమ్ములు, అన్నీ. ఎవరైనా పాడుకోవచ్చు. నిబంధనలు తెప్పించి చదివాను, ఈసారి పూర్తిగా చదివాను. టెక్సస్ వాడైనా, జర్మనీ వాడైనా, ఎవరైనా రావచ్చు. ఎవరికి చుట్టమని అడగరు. ఎన్ని నెలలుగా ఉంటున్నావని అడగరు. స్థానికుడు, బయటివాడు అన్న తేడా ఈ రాష్ట్రంలో లేనిది అక్కడొక్కచోటే. నేనూ పాడాను, డబ్బు చాలలేదు. ఎవరింటి గోడ మీదో ఉంటుంది ఇప్పుడు.

ఇదంతా ఇప్పుడు ఎందుకు రాశానంటే, విందులో లేచి చెప్పాల్సినవాణ్ణి నేను. మేక ఏమైందో చెప్పాలి. సైలస్ కోర్టులో ఏమన్నాడో చెప్పాలి. అది చెప్పాలంటే నా సంతకం సంగతి చెప్పకుండా కుదరదు. నూరుమంది ముందు నువ్వు అది మొదటిసారి వినకూడదని రాస్తున్నాను. తాత పేరు వాడికి పెట్టే చెయ్యి నాది కాకపోతే మంచిదని చిన్నమ్మతో అన్నాను. "మరి ఎవరిది? రాండీదా?" అంది ఆమె. నువ్వు వచ్చాక నువ్వే తేల్చు. నువ్వు వద్దంటే పక్కకు తప్పుకుంటాను, వాదించను. ఈసారి నిజంగానే వాదించను.

వాడు విందు తర్వాత టకోమా వచ్చేస్తాడు. ఏడాది ఇక్కడే ఉండి స్థానికుణ్ణి అవుతానని ఒకరోజు అన్నాడు. ఏం పని చేసుకుని ఉంటావురా అని అడిగాను. ఇద్దరం కిటికీలోంచి రేవులో మూతపడ్డ చేపల ఫ్యాక్టరీ వైపు చూశాం.

వచ్చేటప్పుడు అక్కడి కొట్లలో తెల్ల ఊలు దొరికితే తీసుకురా. గొర్రెదైనా సరే. చిన్నమ్మ తిడుతుంది, తిడుతూనే నేస్తుంది. అమ్మ ఆపిన వరస దగ్గర రంగు కలవదు, అందరికీ కనబడుతుంది. కనబడనీ.

ఇట్లు,
నీ తోడబుట్టినవాడు,
అందుచేత నీ కొడుక్కి చుట్టమైనవాడు,
ఎమ్మెట్